టోపీల రాత్రి

మే పన్నెండు, పదమూడు, పద్నాలుగు.
మా మొరావియాలో ఈ మూడు రోజులకీ
ముగ్గురు సాధువుల పేర్లున్నాయి:
పాంక్రాట్స్, సెర్వాట్స్, బోనిఫాట్స్.
వాళ్ళ చేతుల్లో జపమాలలుండవు, మంచుంటుంది.
వెనకాలే పదిహేనున జోఫియె వస్తుంది.
ఆమె వెళ్ళేదాకా నారు బయట పెట్టకూడదని
మా ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు.

బ్లాజెనా అత్తకీ తెలుసు.
అయినా ఏప్రిల్ చివర్లో నాలుగు రోజులు ఎండ కాసేసరికి
కిటికీ గట్టు మీద, పెరుగు డబ్బాల్లో
మెడలు సాచిన టమాటాల్ని
తీసుకెళ్ళి నేలకి అప్పగించేసింది.
తొందరపడ్డానని ఎప్పుడూ అనదు.
"ఎండ అబద్ధం చెప్పింది" అంటుంది.

పద్నాలుగు సాయంత్రం గాలి ఆగిపోయింది.
మబ్బు ఒక్కటి లేదు.
పట్టాల అవతల కుక్క మొరిగితే చెవి పక్కనే మొరిగినట్టుంది.
అత్త గడప మీద నిలబడి ఆకాశాన్ని వాసన చూసి
"టార్చి తీసుకో, నడు" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు టోపీల ఫ్యాక్టరీలో పని చేసిందామె.
కుందేలు బొచ్చుని ఆవిరిలో ఉడికించి, నొక్కి,
కొయ్య తలల మీద ఆరబెట్టింది.
అంచు వంకరపోయినవి, మరక పడినవి,
ఏ తలకీ నోచుకోనివి
ఫ్యాక్టరీ మూసిన రోజున బాకీ జీతం కింద
రెండు గోతాలు ఇచ్చారు.
అటక మీద అవి ఏడాదికొక్క రాత్రి కోసం బతుకుతాయి.

మొక్క పక్కన పుల్ల, పుల్ల మీద టోపీ,
అంచు చుట్టూ మట్టి.
"ఆకుకి తగలనివ్వకురా. తగిలిన చోటే కరుస్తుంది."
గుమ్మడికి వేటగాళ్ళ టోపీ, పెద్ద అంచుది.
టమాటాలకి గుమాస్తాలవి.
సగం గోతానికే నా వేళ్ళు నావి కాకుండా పోయాయి.

కంచె అవతల రొస్తిస్లావ్ మడి.
అతనికి సిగ్నల్ క్యాబిన్‌లో రాత్రి డ్యూటీ.
కుళాయి దగ్గర ఏదో మాటా మాటా వచ్చి
వీళ్ళిద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.
కలుపు మొక్కలు మాత్రం ఇటూ అటూ తిరుగుతూనే ఉన్నాయి.

టార్చి వెలుగు పొరపాటున అటు పడింది.
దోసపాదులు. రెండేసి ఆకులు అరచేతుల్లా చాపి,
ఒంటి మీద నూలుపోగు లేకుండా.

అత్త చాలాసేపు చూసింది.
"వెధవ" అంది.
పాదులు పద్నాలుగు. గోతంలో మిగిలినవి పదకొండు.
తన మిరపల వైపు ఒక్కసారి చూసి
గౌను ఎత్తిపట్టి కంచె దాటింది,
అరవై ఎనిమిదేళ్ళ మనిషి.
తీగ ఒకటి మేజోడు పట్టుకుని లాగింది.
నేను అడగబోయింది నోట్లోంచి
ఉత్త ఆవిరిగా బయటికొచ్చింది.
తక్కువైన మూడింటికీ
నా ఉన్ని టోపీ, తన తలగుడ్డ, ఒక చిల్లు బకెట్.

మిరపల మీద వార్తాపత్రికలు పరిచాం.
గాలి లేదుగా, నిలుస్తాయంది.
నిలిచాయి. సరిపోలేదు.

తెల్లారేసరికి తోట నిండా తలలు,
మెడల దాకా నేలలో కూర్చుని
ఎవరి ప్రసంగమో వింటున్న జనంలా,
అందరి నెత్తినా పంచదార పొడి.
పత్రికల కింద మిరపలు నల్లగా,
ఉడికిన పాలకూరలా వేలాడుతున్నాయి.
మంచుదీ నిప్పుదీ ఒకటే చేతిరాత.

రొస్తిస్లావ్ సైకిల్ దిగి
చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.
ఎండ మట్టిని తాకాక
ఒక్కో టోపీ ఎత్తి, దులిపి,
ఒకదాంట్లో ఒకటి దూర్చి కంచె మీద పెట్టాడు.
పక్కన నా ఉన్ని టోపీ, మడత పెట్టిన తలగుడ్డ.
"మీ మిరప?"
"పోయింది."
ఇంకేదో అనబోయాడు. కుళాయి వైపు చూశాడు. దగ్గాడు.
"ఇవాళ జోఫియె" అన్నాడు.
"తెలుసు" అంది అత్త.

అతను వెళ్ళాక లెక్కపెట్టాను.
"అత్తా, పదే ఉన్నాయి."
ఆమె తలెత్తింది.
దూరంగా, స్టేషన్ దారిలో, సైకిల్ మీద
అంచు వంకరపోయిన ఆకుపచ్చ టోపీ ఒకటి
వెళ్తూ ఉంది.
"ఆ అంచు పాడుచేసింది నేనే, డెబ్బై తొమ్మిదిలో" అంది.
కాస్త ఆగి,
చచ్చిన మిరపని వేళ్ళతో పెకలిస్తూ,
"వాడికి సరిపోయింది."