నాలుగు వందల నుంచి ఐదు వందల ముప్ఫైకి

వూచ్ నగరంలో ట్రాములు మలుపు తిరిగే చోట
మా సర్వీసు కౌంటరు.
జనవరి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా
మంచు ఒక అడుగు లోపలికేసి
పట్టా మీద నీరుగారిపోతుంది.

బొగుమిల్ గారు తన అరచేతి కంప్యూటర్ని
జేబురుమాల్లో చుట్టి తెచ్చారు,
దెబ్బ తిన్న పిచ్చుకను తెచ్చినట్టు.
"ఆగిపోయింది," అన్నారు. అంతే.
ఎప్పుడు, ఎలా అని అడగలేదు నేను.
మొదటి నిమిషంలోనే మనిషి చేత
అబద్ధం ఆడించకూడదన్నది
ఈ కుర్చీ నేర్పిన మర్యాద.

నాలుగు మరలు.
నాలుగోదాని నెత్తిన గోరంత కాగితపు ముద్ర.
చిరిగితే వారంటీ చెల్లదు.
చిరగలేదు.
కానీ ఆవిరి పట్టి, ఒలిచి, తిరిగి అతికించిన ముద్ర
చిరిగినదానికన్నా వాగుడుకాయ.
అంచున ఒక సన్నని అల.

లోపల ప్రాసెసర్ చుట్టూ
టీ మరక రంగు వలయం,
మాడిన పాలగిన్నె అడుగులా.

"ఎంత దాకా పోనిచ్చారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"కంపెనీవాడు నాలుగు వందలన్నాడు.
నేను ఐదు వందల ముప్ఫైకి తోశాను.
నాలుగొందల ఎనభై దాకా కిమ్మనలేదు.
ఐదొందలు దాటాక మధ్యవేలు చెప్పింది,
వద్దురా అని.
వినలేదు."

అడక్కుండానే మిల్లు సంగతి వచ్చింది.
ముప్ఫై ఎనిమిదేళ్ళు మగ్గాల మెకానిక్కట.
నిమిషానికి నాడె రెండొందల సార్లు పరిగెత్తాలని
ఇనుప పలక మీద చెక్కి ఉండేదట.
నెలాఖరున లెక్క తగ్గితే
రెండొందల ముప్ఫై పరిగెత్తించేవాళ్ళట.

"పలక చెక్కినవాడు భయస్తుడమ్మా.
వాడి భయానికీ యంత్రం సత్తాకీ నడుమ
కాస్త ఖాళీ ఉంటుంది.
మా బోనసులన్నీ ఆ ఖాళీలోంచే వచ్చాయి."

బేరింగు మీద అరచెయ్యి పెట్టి
మూడు లెక్కపెట్టగలిగితే నడవనియ్యి.
రెండుకే చెయ్యి వెనక్కొస్తే ఆపు.
అదీ ఆయన థర్మామీటరు.
చేతులు కాలాక ఆకులు వెతికేవాళ్ళని
రోజూ చూస్తాను నేను.
కాలుతుండగా లెక్కపెట్టే మనిషిని
అప్పుడే చూడటం.

"దీంతో అంత తొందర పనేం పడింది?"
"చదరంగం.
ఎనిమిదో మెట్టులో ఒక్క ఎత్తుకి
పదకొండు నిమిషాలు ఆలోచిస్తుంది."
"ఆలోచించనివ్వకపోయారా?"
"డెబ్బై తొమ్మిది," అన్నారు.
ఎత్తుల లెక్కేమో అనుకున్నాను.
వయసని కాసేపటికి గానీ వెలగలేదు.

"మరి వేగం పెంచాక గెలిచారా?"
"ఎక్కడ!
గబగబా ఓడిపోయేవాణ్ణి.
సాయంత్రానికి రెండాటలు పట్టేవి."

ఫారంలో మూడు గళ్ళు:
తయారీ లోపం. వాడినవారి తప్పు. ఇతరం.
పెన్ను మూడింటి మీదా తిరిగింది.
ఆ భయానికీ సత్తాకీ నడుమ ఖాళీకి
గడి లేదు.
హలీనా మేడమ్ ఆ వలయాన్ని
పది గజాల నుంచి గుర్తుపడుతుంది.
రెండో గడిలో టిక్కు పెట్టాను.
చెయ్యి కాస్త బరువెక్కింది, అంతకన్నా ఏం లేదు.

తలకిందులుగా చదివారు ఆయన.
"రాయండి, నిజమే కదా.
ముద్ర మాత్రం బాగా అతికించాను, కాదూ?"
ఆ ముఖం చూశాక
అల సంగతి ఎత్తలేకపోయాను.
"కనిపెట్టడం కష్టమే," అన్నాను.
కౌంటరుకి ఇవతలివైపు నుంచి
ఇవాళ్టి మొదటి అబద్ధం.

పిచ్చుకను మళ్ళీ రుమాల్లో చుట్టుకున్నారు.
తలుపు దగ్గర ఆగి, చేతితొడుగు తీసి
మా గోడ హీటరు మీద అరచెయ్యి ఆనించారు.
పెదాలు కదిలాయి.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"దీన్ని ఇంకాస్త పెంచొచ్చు," అని
మంచులోకి దిగి వెళ్ళిపోయారు.