తొమ్మిది మీటర్ల తీగ

పందొమ్మిదేళ్ళు అడిలైడ్‌లో సిటీ బస్సు నడిపినదాన్ని.
ఈ బండిని వెనక్కి తీయాలంటే మాత్రం
ఇప్పటికీ ఊపిరి బిగబట్టుకుంటాను.
ఏడున్నర మీటర్ల ఇల్లు ఇది.
మంచం, పొయ్యి, పచ్చడి సీసాలతో సహా
నా వీపు వెనక గుడ్డిగా నిలబడి ఉంటుంది.

ఇన్నాళ్ళూ వెనక నిలబడింది మార్కండేయ.
కోదాడ లారీల దగ్గర చిన్నప్పుడు పట్టుబడ్డ కూత:
"రానీ... రానీ... రానీ... హోల్డాన్!"
రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు.
పక్కబళ్ళవాళ్ళు కాఫీ కప్పులతో బయటికొచ్చి
వినేవాళ్ళు ఆ కచేరీ.
మోకాలి ఆపరేషన్ అయ్యాక
అతను మెట్టు దిగేసరికే
నేను సగం తిప్పేసి ఉంటున్నాను.
మే నెలలో, రెన్‌మార్క్‌లో, కుళాయి గొట్టం ఒకటి విరిగింది.
తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు.

కెమెరా కొందామన్నాం.
అక్కడ మొదలైంది.

తీగ ఉన్నదా, లేనిదా?

లేనిదే, అంటాడతను.
అరగంట పని, నాలుగు స్క్రూలు,
వెనక దీపం దగ్గర కాస్త కరెంటు అరువు తీసుకుంటే చాలు,
బొమ్మ గాల్లో వచ్చేస్తుంది.
తీగదైతే బిగించడానికే నాలుగొందల డాలర్లట.

గాల్లో వచ్చేవాటి మీద నాకు గురి లేదు.
బస్సు డిపోలో బతికినదాన్ని,
గాలి కబుర్లకి ఎంతమంది షిఫ్టులు తారుమారయ్యాయో
నన్నడగాలి.

గ్లెనిస్ తనది ఇచ్చింది, వాడి చూడమని.

పోర్ట్ అగస్టా. సాయంత్రం. ఎర్రదుమ్ము.
రివర్సు గేరు వేశాను.
తెర ఒక్క క్షణం నీలంగా ఉండి
ఒక పిల్లవాణ్ణి చూపించింది.
పసుప్పచ్చ టోపీ, చేతిలో బకెట్టు,
సరిగ్గా నా బంపరు వెనక.
బ్రేకు మీద రెండు కాళ్ళతో నిలబడ్డాను.
సింకులో గిన్నెలన్నీ నేలమీదికొచ్చాయి.

దిగి చూస్తే ఎవరూ లేరు.
కంకర. ఒక మేగ్‌పై పిట్ట. అంతే.

మూడు బళ్ళ అవతల
ఇంకెవరిదో బండి వెనక్కొస్తోంది.
వాడు అక్కడున్నాడు,
టోపీతో, బకెట్టుతో, మట్టిలో ఏదో తవ్వుకుంటూ.
కేకేశాను. ఏ భాషలో కేకేశానో గుర్తులేదు.
బండి ఆగింది.

ఆ డ్రైవరు తర్వాత చెప్పాడు, చేతులు వణుకుతూ,
తన తెరలో కంకర తప్ప ఏమీ లేదట.

ఆ కంకర నాది.

ఆ రాత్రి మార్కండేయ వాదించలేదు.
గిన్నెలు ఏరుతూ, "తీగే," అన్నాడు.

ఆదివారం, మోడ్‌బరీలో, మా ఇంటిముందు.
అతను డ్యాష్‌బోర్డు దగ్గర, నేను బండి కింద
(మోకాళ్ళు నాకే బాగున్నాయి మరి).
ముందు గాలం దారం పోనిచ్చి
దాని కొసకి తీగ కట్టి...
"లాగనా?"
"ఆగు."
"లాగనా?"
"ఊఁ, ఇప్పుడు. మెల్లిగా, మెల్లిగా అన్నానా!"
తీగ లాగితే డొంకంతా కదిలిందంటారే,
నిజంగానే కదిలింది:
ఎండు మట్టి, తుప్పు పొట్టు, ఎలుక కట్టుకున్న గూడు,
గూట్లో నా ఊలు మేజోడు.
అతనే పోగొట్టాడని మూడేళ్ళు దెప్పిన మేజోడు.
జేబులో పెట్టుకున్నాను.
చెప్పలేదు.

నాలుగున్నర గంటలు పట్టింది.
రెండు చిల్లులు, అందులో ఒకటి తప్పుచోట.

తాళం తిప్పి, రివర్సు వేశాను.
తెర అలా వెయ్యగానే ఇలా వెలిగింది:
మా కాంక్రీటు, మా చెత్తడబ్బా,
డబ్బా పక్కన మార్కండేయ.
ఎవరు దిగమన్నారు ఈయన్ని?
చొక్కామీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి,
రెండు చేతులూ గాల్లో,
నోరు కదులుతోంది.
ఈ కెమెరాకి చెవులు లేవు.
కిటికీ అద్దం దించాను.

తెర లెక్కన ఇంకా మీటరున్నర ఉంది.
హోల్డాన్, అన్నాడు.
ఆగాను.