అర రియాల్ సంఘం

సోహార్ రేవు పక్క హోటల్ల
మా పేరు నోరు తిరగక యాంకరమ్మ రెండుసార్లు దగ్గింది.
మూడోసారికి చక్కగనే అన్నది, అర రియాల్ సంఘం.
చప్పట్లు. నేను లేచిన.
కోటు జలాల్‌ది, బూట్లు క్యాంపు వంటాయనవి,
కాళ్లొక్కటే నావి.

బాతినా తీరపు ఆర్థికాభివృద్ధి మండలి
ఈ యేడు ఊళ్లను నిలబెట్టిన సంఘాలను పిలిచింది.
ఎండిన ఖర్జూర తోటలకు మళ్ల నీళ్లు మలిపినోళ్లు,
వినపడని పిల్లలకు బడి పెట్టినోళ్లు,
ముసలి జాలర్లకు పడవలు బాగుచేసిచ్చెటోళ్లు.
అందరి మీద సినిమా తీసి చూపెట్టిన్రు.
మా వంతొచ్చేసరికి తెర మీద
ఫలజ్ అల్ ఖబాయిల్ల టైర్ల దుకాణం, దాని మీది రూం,
రూంల ఒక టేబులు, ఒక ఫ్యాను, తొమ్మిది రిజిస్టర్లు.
అర నిమిషంల అయిపోయింది.

పోయిన నెల వాళ్లు ఫారం పంపిన్రు, ఇరవై రెండు గడులు.
మీ వార్షిక వృద్ధి ఎంత శాతం?
ఆ గడి కాడ మూడు రాత్రులు ఆగినం.
మా పద్దు రాసేది మస్తానమ్మ,
రాయచోటి మనిషి, పన్నెండేండ్లు పరాయి వంటింట్ల కాగింది.
"పోయినేడు ముప్పై నాలుగు పెట్టెలు పంపినాం గదా నాయనా,
ఈ యేడు ఇరవై ఆరు.
ఇది పెరిగినట్టా, తగ్గినట్టా?"
ఫారం నింపే పిలగాడు కొత్తగ వచ్చినోడు.
పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, నొప్పుల మందు సర్ది
ఇంటికి పంపే పెట్టె అనుకున్నడు.
"ఎనిమిది తగ్గినయి, కార్గో రేటు పెరిగినట్టుంది" అన్నడు.
ఎవ్వరం మాట్లాడలే.
ఫ్యాను కింద కాగితాలు లేస్తుంటే
జలాల్ చెప్పు తీసి వాటి మీద పెట్టిండు.
ఆఖరికి ఆ గడిల
"తగ్గుతున్నది, ఇంకా తగ్గాలె" అని రాసినం.
అది చదివి పిలిచిన్రో, చదవకనే పిలిచిన్రో.

స్టేజి మీద పెద్దమనిషి గాజు పడవ చేతిల పెట్టిండు.
కిలోన్నర ఉంటది. ఇటు చూడమన్నరు.
అప్పుడే కోటు లోపలి జేబుల ఫోను వణికింది.
ఆ జేబు ఎక్కడున్నదో నాకు తెల్వది.
ఖల్ఫాన్ అయి ఉంటడు. ఆస్పత్రి మార్చురీ కావలి.
ఈ టైంల అతను వేరే ముచ్చటకు చెయ్యడు.
మేం నెలకు అర రియాల్ అడిగితే రెండిస్తడు,
లెక్కల తన పేరు రాయద్దంటడు.
పళ్లు కనపడాలె అన్నడు ఫోటో పిలగాడు.
ఇరవై ఏడు, అనుకుంట నవ్విన.

బయట కార్ల నడుమ నిలబడి మళ్ల చేసిన.
ఖల్ఫాన్ గొంతు ఎప్పటి తీరు లేదు.
"మూడో వార్డుల ఒకడున్నడు కదా, పేరు లేనోడు,
రోడ్డు పక్క దొరికినోడు,
రెండు నెలల నుంచి కన్ను తెరవనోడు,
వాని కోసం నర్సు నన్ను పిలిచింది.
ఏదో అంటున్నడు. బెంగాలాయనకు తెల్వదట,
మలయాళం నర్సుకు తెల్వదట.
ఒకటే మాట. నీలు, నీలు.
నీలు అంటే ఏంది? మనిషి పేరా?"

నాకు నోట మాట రాలే.
"ఇయ్యి," అన్న తెలుగుల.
తర్వాత అరబ్బీ యాదికొచ్చింది.
"మాయ్, ఖల్ఫాన్, మాయ్! నర్సునడిగి చెంచాతోని ఇయ్యి, మెల్లగ."

వంటాయన బూట్లు పెద్దవి, ఉరుకుతుంటె ఊడుతున్నయి.
చేతిల పట్టుకున్న, గాజు పడవతోని కలిపి.
నేను తినలేదని
జలాల్ టిష్యూల మాంసం ముక్క చుట్టుకొని ఎనుక ఉరుకుతుండు.

వార్డుల ఆయన దవడలు లోపలికి పోయినయి.
చెవి కాడ వంగి, "ఏ ఊరే అన్నా?" అన్న.
కండ్లు నా దిక్కు తిరిగినయి.
చాలా సేపటికి పెదాలు కదిలినయి.
ఊరి పేరు కాదు.
"ఇంకిన్ని," అన్నడు.

తెల్లారి మస్తానమ్మ రిజిస్టర్ తెరిచింది.
పేరు, పాస్‌పోర్టు, కఫీలు, పెట్టె, విమానం.
ఈ ముచ్చటకు గడి లేదు.
పెన్ను పట్టుకొని అట్లనే కూసున్నది.
గాజు పడవ కాగితాల మీదున్నది.
జలాల్ చెప్పు కాలికున్నది.