మునగని ఐదు

నవంబరు చివర, రాత్రి పదింటికి,
పెదవాల్తేరు మేడ మీంచి చూస్తే
గాజువాక వైపు ఆకాశం ఎర్రగా కాగి ఉంటుంది.
ఉక్కు కొలిమి వెలుతురది.
దానికి కాస్త పైన, ఎరుపు పలచబడే చోట,
కొలిమి అనే పేరున్న నక్షత్రరాశి.
అందులో నేను మూడేళ్లుగా కొలుస్తున్న చిన్న గెలాక్సీ.
ఒక కొలిమి ఇంకో కొలిమిని మింగేసిన చోటుకి
రోజూ తలెత్తి చూస్తాను.
కనపడదు.
పొగ లేకపోయినా కంటికి అందేది కాదు.

పాలపుంత పక్కన అదొక చింతపిక్క.
లోపల ఐదు గుత్తులు,
లక్షల నక్షత్రాలు ఒకదాన్నొకటి వాటేసుకుని ముసలివైపోయినవి.
ఒకటోది అంచు పట్టుకుని వేలాడుతుంది,
ఐదోది దానితో పంతం పట్టినట్టు దూరం,
నాలుగోది మాత్రం నడిమికి కూతవేటు.
ఆరోదొకటి ఉందంటారు, మసక.

లెక్క ప్రకారం ఇవన్నీ ఈపాటికి మునగాలి.
బరువైనదేదైనా చీకట్లో తిరుగుతుంటే
చీకటే దాని వెనక గుమిగూడి
కొంగు పట్టి లాగుతుంది.
వేగం తగ్గి తగ్గి
నడిమి గుంటలో అన్నీ ఒకే ముద్ద.
అందుకు వందకోట్ల ఏళ్లు చాలు.
వీటికి వెయ్యికోట్లు.

ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద గొణుక్కుంటుంటే
మైలపిల్లి ఎర్రయ్య విన్నాడు, వల కుడుతూ.
యారాడ కొండ అవతల పడవల దీపాలు
ఎడమెడంగా.
"అవన్నీ ఒక్కచోటికి ఎందుకు చేరవు?" అన్నాను
వాటిని చూపించి, వేటి గురించో.
"ఏటికి సేరతాయమ్మా?
సుడుంటే గదా లాగీడానికి.
అడుగు సదునుగా ఉన్నకాడ
నీరు ఎవుల్నీ పిలవదు."

ఆ రాత్రి
గెలాక్సీ నడుమ నేను నిలబెట్టిన ముల్లుని చెరిపేసి
చీకటిని చాపలా పరిచాను.
కంప్యూటరు తెల్లారేదాకా మూలిగింది.
గుత్తులు కొంత జారాయి.
జారి, ఆగాయి,
గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పని చుట్టాల్లా.

రుజువు కాదిది.
మార్జిన్‌లో మా గైడు అనసూయమ్మ గారి ఎర్ర సిరా:
"అంత సంబరం వద్దు. అవి దూరంలోనే పుట్టి,
ఇప్పుడిప్పుడే దిగుతున్నాయేమో?"
అయ్యుండొచ్చు. అదీ వేసి చూడాలి.

నాలుగింటి చలిలో మళ్లీ జెట్టీకి పోయి
దీపాలు లెక్కపెట్టాను.
"ఐదేనా వెళ్లింది?"
ఎర్రయ్య బీడీ ఆర్పాడు.
"ఆరెల్లినాయి.
నూకన్న బోటుకి బేటరీ నేదు.
ఉంతాది, ఎక్కడో."