గీత

షిప్‌యార్డులో నా పని
ఓడ పొట్ట మీద గీత గీయడం.
తెల్ల రంగు, రెండు వేళ్ల మందం,
సరుకు ఇక చాలని.

నిన్న గాజువాక మీటింగులో ఆయన గొంతు చించుకున్నాడు:
"సంపాదనకీ ఒక గీత గీస్తాం!"
అందరికన్నా ముందు మోగినవి నా చేతులే.
జీతం పెరిగినంత హాయి,
సింధియా బస్సెక్కేదాకా.

పక్కన అసిరయ్య చప్పట్లు కొట్టలేదు.
ఉడకేసిన సెనక్కాయలు ఒలుచుకుంటూ
"గీత సరే గానీ, బ్రెష్షు ఎవుడి సేతిలో ఉంటాదిరా?" అన్నాడు.

నాకు తెలియనిదా!
రంగు ఆరకముందే ఫోనొస్తుంది,
గోకి, జానెడు పైన మళ్లీ వేయమని.
వేశాను కూడా, రెండుసార్లు.
ఓవర్‌టైమిచ్చారు, తీసుకున్నాను.

అయినా, అసిరయ్యా,
గీత మునిగేదాకా సరుకెత్తిన ఓడ ఒకటి
డాల్ఫిన్ నోస్ దాటీదాటకుండానే ఒరగడం చూశాను.
సరుకుకి బీమా ఉంది.
కళాసీల చెప్పులు తేలుకుంటూ ఒడ్డుకొచ్చాయి.

అందుకే రేపటి మీటింగుకీ వెళ్తాను.
చప్పట్లు కొడతానో లేదో తెలీదు.
ఈ రాత్రి మాత్రం జీతం చీటీ ముందేసుకుని
వెతుకుతున్నాను,
ఇంతకన్నా కిందికి పోకూడదని
దీనిమీద ఎవరైనా, ఎక్కడైనా,
సన్నగా పెన్సిలుతోనైనా గీశారేమోనని.