ఒత్తు

నలభై రెండేండ్లుగా నాది ఒకటే స్వరం.
మా బావ చెంగల్రాయులు సన్నాయి మీద
కల్యాణి ఎక్కినా తోడి దిగినా
నేను సా కాడే.
మైనంతో బెజ్జాలు పూడ్చిన గొట్టం.
ముక్కుతో పీలుస్తా, బుగ్గలతో వదుల్తా,
తాళి కట్టేదాకా తెగకూడని గాలి.

బడిలో ఒత్తులు రాక
మూడో తరగతిలో పలక పగలగొట్టి వచ్చినోడిని
బతుకంతా ఒత్తే ఊదినా.
అక్షరం కింద అతుక్కోనుండేదాన్ని
రాసినోడు తప్ప ఎవురు చూస్తారు?

తిరుచానూరు దోవలో కల్యాణ మండపం.
ముహూర్తం తెల్లారి నాలుగున్నరకి.
పెండ్లికూతురి మేనమామకి తెలిసినాయనంట, తెల్లాయన,
మోకాళ్ళ నడుమ పెట్టుకోని వాయించే
పెద్ద ఫిడేలు ఆయన పని.
అందరూ జీలకర్రా బెల్లం వైపు మెడలు సాచి ఉంటే
ఈయన నా పక్కన నేల మీద కూర్చోని
గొట్టం మూతికాడ చెవి పెట్టినాడు.
వీడియో వాడు జరగమన్నా జరగలే.

ఇడ్లీల వేళకి వచ్చి అడిగింది
బావ పేరు కాదు, నా పేరు.
మునికన్నయ్య అనేదానికి ఆయనకి నాలుగు తడవలు పట్టింది.
యోరిస్ అనేదానికి నాకు రెండు.

లీలామహల్ సర్కిల్ కాడ టీ.
మేనమామ కొడుకు నడుమ కూర్చోని మాటలు మార్చినాడు.
తువా అని ఒక సీమ ఉందంట.
గడ్డి, గాలి, గుర్రాలు.
గొర్రెలు కాసేవాళ్ళు ఒక గొంతులోనే
రెండు పాటలు పాడతారంట,
కింద ఎద్దు రంకె మాదిరి ఒకటి
దాని నెత్తిన ఈల మాదిరి ఇంకోటి.
పదకొండేండ్ల కింద ఒక రేయి రేడియోలో విని
కారు దోవ పక్కన ఆపేసినాడంట.
ఆ రేయి కచేరీకి పోనే లేదంట.
ఆ పొద్దు నుంచీ గొంతు గీక్కుంటానే ఉండాడు.

పాడు చూస్తాం, అన్నా.

పాడినాడు. బెంచీ కింది కుక్క లేచి పోయింది.
టీ మాస్టరు అరిచినాడు,
"నీళ్ళియ్యండ్రా, సారుకి పొలమారింది!"
ఆయనా నవ్వినాడు.
మళ్ళీ కండ్లు మూసుకున్నాడు.
రేణిగుంట బస్సులు హారన్లు కొట్టుకునే చోట
ఆ గరగర మీంచి
తాటాకు చీల్చినంత సన్నంగా
ఒక ఈల లేచింది.
పెదిమలు కదల్లే. రెండో మనిషి లేడు.

నా చేతిలో గ్లాసు వణికింది.
ఆ ఈల నాకు తెలుసు.

ముప్పై ఏండ్లుగా, ఒత్తు ఊదేటప్పుడు
పుర్రెలో యాడో పైన ఒక మోత,
సా కడుపులోంచి పా మాదిరి,
మబ్బు పట్టిన తెల్లవార్లు ఇంకా పైన గా మాదిరి.
చెవుడొస్తుందని బెదిరి రుయాలో చూపిస్తే
చుక్కల మందు రాసిచ్చినారు.
చెల్లమ్మ వెల్లుల్లి నూనె కాచి పోసింది.
బావకి చెప్తే
"ఒకటే ఊదేవాడికి అట్లనే అయితాదిలే" అన్నాడు.
ఇంగ ఎవురికీ చెప్పలే.

సంచిలోంచి ఒత్తు తీసి
ఆ బెంచీ మీదనే ఊదినా.
యోరిస్ కొంచెంసేపు తల వంచుకోని విని
వేలు పైకెత్తినాడు. అదిగో.
నేనూ ఎత్తినా. అదే.
పిల్లోడు దాన్ని తెలుగులో చెప్పబోతే
ఇద్దరం చెయ్యి అడ్డం పెట్టినాం.

రోగం కాదు అది.
ఉత్త సా ఎప్పుడూ ఊదలే నేను.

ఊపిరి తెగకుండా ఊదేది నేర్పమన్నాడు.
గ్లాసుడు నీళ్ళు, ఒక స్ట్రా ఇచ్చినా.
చొక్కా అంతా తడుపుకోని
ఆ రేయి రైలెక్కినాడు.

ఆడి నెల పోయినాక బావ ఒక శ్రుతి పెట్టె కొన్నాడు.
బిస్కెట్ డబ్బా అంత. కరెంటుతో పాడతాది,
దానికి భోజనం లేదు, బస్సు ఛార్జీ లేదు.
"నువ్వు రొన్నాళ్ళు ఇంటికాడ ఉండు బామ్మర్దీ" అన్నాడు,
నా మొగం చూడకుండా.
పెట్టెకి చెవి ఆనించి విన్నా.
సా ఉంది.
పైన ఎవురూ లేరు.

ఇప్పుడు పొద్దుకూకితే
కొర్లగుంటలో మిద్దె పైకి పోయి
గొట్టం లేకుండా కూర్చుంటా.
కొండ మీద లైట్లు పడేదాకా
ఉత్త గొంతుతో గీకతా ఉంటా.
ఈల ఇంకా రాలే. గరగర మాత్రం వచ్చింది.

చెల్లమ్మ నీళ్ళ చెంబుతో మెట్లెక్కతా ఉంది.
"మళ్ళీ పొలమారిందా?
ఎవురబ్బా, నిన్ను ఇంతగా తలుచుకునేది?"