జిరాఫీ మెడ మీద గీత

మూడు లాంతర్ల దగ్గర ఆటో దిగగానే
జోషిత వేలు చాపి లెక్కపెట్టింది.
"మూడేనేటమ్మా? నాకు నాలుగొచ్చీసినాయి గదా,
ఇంకోటెట్టమని సెప్పు."
ఎవరికి చెప్పను?
మా గుంట పుట్టినరోజని మునిసిపాలిటీకి తెలీదు.

ఎగ్జిబిషన్ మైదానంలో ఈసారి బొమ్మలూరు దిగింది.
రేకుల గోడ, గోడ మీద నవ్వే నీలి ఉడుత.
డుంబు!
రోజూ ఫోన్లోంచి మా పిల్లకి అన్నం తినిపించేది వాడే,
వాడి పాట ఆగితే ముద్ద ఆగిపోతుంది.

గేటు పక్కన చెక్క జిరాఫీ.
మెడ మీద ఎర్ర గీత.
తల గీత కిందుంటే ఊరికే,
దాటితే నూట యాభై.
నెల్లిమర్ల మిల్లులో నా సగం రోజు అది,
ముక్కులోకి పోయే జనపనార దుమ్ముతో సహా.

దార్లోనే నేర్పి తెచ్చాను:
"మోకాళ్ళు రవ్వంత వంచు తల్లీ,
ఎవరడిగినా మూడని సెప్పు."
జడలో కనకాంబరాలు తీసి పర్సులో పెట్టాను,
పూలెత్తు కూడా ఎత్తే గదా.

కానీ అది పుట్టినరోజు పిల్ల.
పొద్దున్నే వాళ్ళ నాయనమ్మ ఎర్నమ్మ
తలంటుతూ చెవిలో ఊదింది:
"పెద్దదానివైపోనావే."
కుంకుడు వాసనతో పాటు
ఆ మాటా ఇంకా తల్లోంచి ఆరలేదు.

జిరాఫీకి వీపానించి
మునివేళ్ళ మీద లేచింది,
గడ్డమెత్తి, బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి.
సర్దుతున్నట్టు నటిస్తూ
నేను దాని తల కిందికి నొక్కుతున్నాను.
అరచేతి కింద అది పైకి తోస్తోంది,
విత్తనం మట్టిని తోసినట్టు.
ఇది తల్లి చెయ్యాల్సిన పనేనా
అనుకుంటూనే
ఇంకొంచెం నొక్కాను.

"పాపకి ఎన్నేళ్ళమ్మా?"
నా నోరు పెగిలేలోపు
నాలుగు వేళ్ళు గాల్లో ఉన్నాయి.
"ఇయ్యాలే!" అంది.
టికెట్ల కుర్రాడు నన్ను చూశాడు,
లేచిన మడమల్ని చూశాడు.
"కాళ్ళు దించితే గీత కిందే ఉంటావు పాపా."
"దించను."

కేకు కోసం దాచిన నోట్లు తీసి ఇచ్చాను.
రెండు చేతుల్తో టికెట్టు పట్టుకుని
దేవుడి పటం మోస్తున్నట్టు
లోపలికి నడిచింది.

అంతలో ఎదురొచ్చాడు డుంబు,
తలుపంత ఉడుత!
ఫోన్లో అరచేతిలో ఇమిడేవాడు
ఇక్కడ ఆకాశానికి అడ్డంగా నిలబడ్డాడు.
మా పెద్దమనిషి నా చీరకుచ్చిళ్ళలోకి దూరిపోయింది,
మోకాళ్ళు వంచి, తల ముడిచి,
గీతకి మూరెడు కిందికి.
ఇప్పుడు కొలవాలయ్యా, ఇప్పుడు!

డుంబు కిందికి వంగాడు.
బొచ్చు లోపల ఎవరో రొప్పుతున్నారు.
వీపు మీద జిప్పు తెగి, రెండు పిన్నీసులు.
"ఎన్నేళ్ళేటే బావూ?" అంది ఆ బొచ్చు.
కుచ్చిళ్ళలోంచి ఒక కన్ను బయటికొచ్చింది.
"అమ్మా... డుంబు మనూరోడే!"

వణుకుతూనే నాలుగు వేళ్ళు చూపించింది.
వాడు తన చెయ్యెత్తాడు.
బొమ్మల చెయ్యి కదా,
బొటనవేలితో కలిపి వేళ్ళు నాలుగే.
"నాకూ నాలుగే" అన్నాడు.
ఒక్కో వేలూ ఆనించి సరిచూసుకుంది.
సరిపోయాయి.
ఇక ఆ చెయ్యి వదిలితే ఒట్టు.

కేకు లేదు. టిఫిన్ డబ్బాలో
ఎర్నమ్మ వేసిన బూరెలు మూడున్నాయి.
పెద్దది ఏరి డుంబు నోటికి పెట్టింది.
అది రంగేసిన నోరు, తెరుచుకోదు.
"సాయంత్రం తింతాన్లే" అంటూ
పొట్ట దగ్గర చిరుగులోంచి
ఒక మామూలు చెయ్యి బయటికొచ్చింది,
అయిదు వేళ్ళది, చెమటతో తడిసింది,
బూరె అందుకుని లోపలికెళ్ళిపోయింది.
జోషిత చూడలేదు. నేను చూశాను.

వచ్చేటప్పుడు నా భుజం మీద నిద్రపోయింది.
దాని తల ఇప్పుడు నా తలకన్నా పైన.
జుట్టుకి నీలి నూగు అంటుకుంది, దులపలేదు.
ఆటో మూడు లాంతర్లు దాటుతుంటే
దాని బదులు నేనే లెక్కపెట్టాను.
మూడే.
రేపు లేచి అడుగుతుంది.
ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.